ఎరిగినవారు లేని ఊళ్ళో బేరం

మనిషి నిజాయితీని అతని సొంత ఊరు కొంతవరకు కాపాడుతుంది. వీధిలో నలుగురికీ తెలిసిన ముఖం, మస్జిద్‌లో పక్కపక్కన నిలబడి నమాజు చేసే సహవాసం, రేపు మళ్ళీ అదే దుకాణం మెట్లెక్కాల్సిన అవసరం... ఇవన్నీ మనిషిని తప్పటడుగు వేయనీయని కంచెలు. ఆ కంచెలేవీ లేని చోట మన నిజాయితీ ఎంతవరకు నిలుస్తుంది? కొత్త కారు కొనడానికి దూరపు నగరానికి బయలుదేరిన ప్రతి కుటుంబమూ తెలిసో తెలియకో ఈ ప్రశ్నకు జవాబు చెప్పి వస్తుంది.

నర్సీపట్నం లాంటి ఊళ్ళో ఉండేవారికి ఇది బాగా పరిచయమైన విషయమే. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఈ ఊరు ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం. చింతపల్లి, లంబసింగి వైపు మన్యంలోకి వెళ్ళే దారి ఇక్కడి నుంచే. పెద్దాసుపత్రి పని పడితే విశాఖపట్నం పరుగెత్తాలి. రైలెక్కాలంటే నర్సీపట్నం రోడ్ స్టేషనుకో, తునికో చేరుకోవాలి. ఇంట్లో వృద్ధులైన అమ్మీ అబ్బా ఉన్నవారికి కారు ఆడంబరం కన్నా అవసరంగానే కనిపిస్తుంది. అయితే కోరుకున్న మోడలు, కోరుకున్న రంగు, చేతికందే ధర ఈ మూడూ దగ్గర్లో దొరక్కపోవచ్చు. అప్పుడు విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, హైదరాబాదు, యానాం షోరూములకు ఫోన్లు మొదలవుతాయి. చివరికి మనల్ని ఎవరూ ఎరుగని చోట, మనమెవరినీ ఎరుగని చోట కూర్చుని సంతకాలు పెడతాం.

ఇలా దూరం వెళ్ళి కొనడం ధర్మసమ్మతమేనా అని అడిగితే, నిస్సందేహంగా ధర్మసమ్మతమే. ఖురైషీయుల చలికాలపు, వేసవికాలపు వర్తక ప్రయాణాలను దివ్య ఖుర్ఆన్ 106వ సూరాలో అల్లాహ్ వారికి చేసిన మేలుగా గుర్తు చేసింది. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ప్రవక్త పదవికి పూర్వం హజ్రత్ ఖదీజా (రజి) సరుకు తీసుకుని సిరియా వరకు వెళ్ళి వర్తకం చేశారు. వాహనం కలిగి ఉండటమూ తప్పు కాదు. గుర్రాలు, కంచర గాడిదలు, గాడిదలు స్వారీకి, శోభకు సృష్టించబడ్డాయని, మనుషులు ఎరుగనివాటిని కూడా అల్లాహ్ సృష్టిస్తాడని 16వ సూరా 8వ ఆయత్ తెలుపుతోంది. నేటి వాహనాలను కూడా పండితులు ఈ ఆయత్ వెలుగులోనే చూశారు. కనుక ప్రయాణంలో దోషం లేదు, కారులో దోషం లేదు. మన పరీక్ష ఆ రెంటి మధ్య మనం పలికే మాటలో, పెట్టే సంతకంలో ఉంది.

దూరం నుంచి వచ్చినవాని హక్కు

ముందుగా అమ్మేవారి వైపు నుంచి చూద్దాం. ఎందుకంటే మన సోదరులలో ఎంతోమంది మోటారు రంగంలోనే బతుకుతున్నారు. మెకానిక్కులు, డ్రైవర్లు, షోరూము సేల్స్‌మెన్లు, ఫైనాన్సు ఏజెంట్లు, ఆర్టీవో ఆఫీసు బయట కాగితాలు నింపేవారు వీరిలో ఉన్నారు.

మదీనా బజారులో ఒక అలవాటు ఉండేది. బయటి నుంచి సరుకు తెచ్చే బిడారులు పట్టణం చేరకముందే కొందరు వర్తకులు దారిలో ఎదురేగి, బజారు ధర తెలియని ఆ పరదేశుల దగ్గర సరుకు చౌకగా కొనేసేవారు. దైవప్రవక్త (సఅసం) దీన్ని నిషేధించారు. అలా అమ్మినవాడు బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకుంటే, ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఉందని కూడా ప్రకటించారు. సహీహ్ ముస్లిం గ్రంథంలో ఈ హదీసు ఉంది.

ఆ బేరంలో ఎవరూ కత్తి చూపలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. ఇరువురూ ఒప్పుకునే ఇచ్చిపుచ్చుకున్నారు. అయినా ప్రవక్త (సఅసం) దాన్ని వదిలిపెట్టలేదు. ఎదుటివాని తెలియనితనమే లాభానికి మూలమైనప్పుడు, పైకి కనిపించే అంగీకారం నిజమైన అంగీకారం కాదన్నమాట.

ఈ రోజు నర్సీపట్నం నుంచి తెల్లవారుజామున బయలుదేరి, అలసిపోయి నగరంలోని షోరూముకు చేరిన కుటుంబం ఆ బిడారు లాంటిదే. సాయంత్రానికి కారుతో ఇంటికి చేరాలన్న తొందర వారికి ఉంటుంది. ఫోన్లో చెప్పిన ధరకు తోడు సీటు కవర్లు, మ్యాట్లు, పూత, ఏవేవో నిర్వహణ ఖర్చులు అప్పుడు చేరతాయి. బీమా ఇక్కడే తీసుకోవాలన్న మాట వినబడుతుంది. బీమా ఎక్కడ తీసుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ కొనేవారిదేనని తెలిసి కూడా చెప్పకపోవడం, వెనక్కి వెళ్ళలేరు కదా అన్న ధీమాతో ధర పెంచడం ఎదురేగి మోసగించడంతో సమానం. జీతానికి పనిచేసే సేల్స్‌మెన్‌ కూడా, యజమాని చెప్పమన్నాడు కనుక చెప్పాను అని అల్లాహ్ సన్నిధిలో తప్పించుకోలేడు. పాపకార్యాలలో పరస్పరం సహకరించుకోవద్దని 5వ సూరా 2వ ఆయత్ ఆదేశిస్తోంది. అందులో జీతగాళ్ళకు మినహాయింపు లేదు.

దేనికోసం కొంటున్నారు?

ప్రవక్త సహచరులైన హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ (రజి) ఇంటి నుంచి ఒక వ్యక్తి ఆడ ఒంటెను కొని తోలుకుపోతున్నాడు. వాసిలా (రజి) దుప్పటి ఈడ్చుకుంటూ వెనకాలే పరుగున వచ్చి, ఈ ఒంటెను మాంసానికి కొన్నావా, ప్రయాణానికా అని అడిగారు. హజ్ ప్రయాణానికి అని అతను చెప్పాడు. అయితే దీని డెక్కలో రంధ్రం ఉందని, అది దూర ప్రయాణానికి పనికిరాదని ఆయన తెలియజేశారు. కుదిరిన బేరాన్ని ఇలా పాడుచేస్తున్నారేమిటని అంటే, సరుకులోని లోపాన్ని చెప్పకుండా అమ్మడం ఎవరికీ ధర్మసమ్మతం కాదని ప్రవక్త (సఅసం) బోధించగా తాము విన్నామని బదులిచ్చారు. ఇమామ్ అహ్మద్, ఇమామ్ హాకిం (రహ్మలై) ఈ ఉల్లేఖనాన్ని నమోదు చేశారు.

వాసిలా (రజి) ముందుగా ఒంటె లోపం చెప్పలేదు, దాని అవసరం ఏమిటని అడిగారు. మాంసానికైతే ఆ రంధ్రం లోపమే కాదు. కొత్త కారు విషయంలోనూ ఇంతే. చదునైన నగరపు రోడ్డు మీద హాయిగా నడిచే కారు, నిండా మనుషులతో లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు కష్టపడవచ్చు. మీరు ఏ దారుల్లో, ఎంతమందితో తిరుగుతారు అని అడిగి, ఈ మోడలు మీకు తగదని చెప్పి, ఒక అమ్మకాన్ని వదులుకునే సేల్స్‌మెన్ వాసిలా (రజి) బాటలో నడిచినవాడు.

కొనేవారికి కూడా తెలుసుకునే బాధ్యత ఉంది. కారు కొత్తదే అయినా అది ఎప్పుడు తయారైందో, ఎన్నాళ్ళు ఆరుబయట ఎండకు నిలిచిందో చూసుకోవాలి. వాహనానికి ఉండే 17 అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య కాగితం మీదా కారు మీదా ఒక్కటిగా ఉందో లేదో సరిపోల్చుకోవాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెలలో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు 2425 అని ఉంటే అది 2025లో 24వ వారంలో తయారైన టైరు. ధర చెల్లించకముందే ఇవి చూసుకోవడం అనుమానం కాదు, జాగ్రత్త. చూడకుండా కొన్న వస్తువును చూసిన తర్వాత వద్దనుకునే హక్కును హనఫీ ధర్మవేత్తలు ఖియారె రూయత్ అన్నారు. లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కును ఖియారె ఐబ్ అన్నారు. షరీఅత్ కొనేవానికి కళ్ళు తెరిచి చూసే అవకాశం ఇచ్చిందని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇదే ప్రశ్న మనల్ని మనం కూడా వేసుకోవాలి. దేనికోసం కొంటున్నాం? సొంత వాడకానికని చెప్పి తెల్ల బోర్డు నంబరు తీసుకుని, చలికాలంలో పర్యాటకులను కిరాయికి మన్యానికి తిప్పితే, అది చెప్పిందొకటి చేసేదొకటి అవుతుంది. పన్ను శాఖ దగ్గరా, బీమా సంస్థ దగ్గరా మనం ఒక మాట ఇచ్చాం. కిరాయికి తిప్పాలనుకుంటే పసుపు బోర్డు తీసుకుని, అందుకు తగిన బీమా చేయించడమే ధర్మం. పైగా కిరాయికి ఎక్కినవారి ప్రాణాలు ఆ ప్రయాణంలో మన చేతిలో ఉంచిన అమానత్.

నమూనాకు నడిపిన కారు, చెప్పని ధర

హజ్రత్ ఉమర్ (రజి) ఒక గుర్రాన్ని బేరమాడి, నడిపి చూడటానికి తీసుకున్నారు. ఆ పరీక్షలో గుర్రం కుంటిదైంది. ఆయన దాన్ని తిరిగి ఇవ్వబోతే యజమాని ఒప్పుకోలేదు. తీర్పు కోసం షురైహ్ (రహ్మలై) దగ్గరికి వెళ్ళారు. గుర్రాన్ని ఆరోగ్యంగా తీసుకున్నారు గనుక ఆరోగ్యంగానే తిరిగి ఇవ్వాలి, లేదా ధర చెల్లించి ఉంచుకోవాలి అని షురైహ్ తీర్పు చెప్పారు. విశ్వాసుల నాయకునికి వ్యతిరేకంగా వచ్చిన ఆ తీర్పు ఉమర్ (రజి)కి ఎంత నచ్చిందంటే, ఆయన షురైహ్‌ను కూఫా నగరానికి ఖాజీగా నియమించారు.

నడిపి చూడటం కొనేవాని హక్కు. అయితే ఆ హక్కు వెంట బాధ్యత కూడా వస్తుంది. ఈ విషయాన్ని మనవాళ్ళు చాలామంది పట్టించుకోరు. దగ్గరి షోరూముకు వెళ్ళి, అక్కడ కొనే ఉద్దేశం ఏమాత్రం లేకుండానే రెండు మూడు సార్లు కారు నడిపి, సేల్స్‌మెన్‌ను ఇంటికి పిలిపించి, అన్ని వివరాలూ రాబట్టుకుని, దూరపు షోరూములో వెయ్యి రూపాయలు తక్కువని అక్కడ కొనేస్తారు. మనసు నిజంగా రెండింటి మధ్య ఊగుతూ ఉంటే ఫర్వాలేదు. పోల్చి చూసుకోవడం కొనేవాని సహజ హక్కు. ఎక్కడ కొనాలో ముందే తేల్చుకుని దగ్గరివాని పూట కాజేస్తే మాత్రం అది అతని శ్రమను ఉచితంగా వాడుకోవడమే. అతను నెల చివర అమ్మకాల లెక్క చూపి జీతం తీసుకునే మనిషి. అతని ఇంట్లోనూ పిల్లలున్నారు.

ఇంతకన్నా పెద్ద దోషం మరొకటి ఉంది. కాకినాడలో ఇంత తగ్గిస్తామన్నారు అని విశాఖపట్నంలో చెప్పడం, విశాఖపట్నంలో ఇంకా తక్కువకు ఇస్తున్నారు అని కాకినాడలో చెప్పడం. ఆ మాట నిజమైతే బేరంలో భాగమే. నిజం కాకపోతే అది పచ్చి అబద్ధం. బేరంలో కాస్త అటూ ఇటూ మాట్లాడకపోతే ఎలా అని దీన్ని తేలికగా తీసుకుంటాం. ఒకరి బేరం సాగుతుండగా దాని మీద మరొకరు బేరం చేయవద్దని, కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచవద్దని ప్రవక్త (సఅసం) వారించారు. ధరను కృత్రిమంగా పెంచే మాట తప్పైనప్పుడు, ధరను కృత్రిమంగా దించే మాట ఒప్పెలా అవుతుంది?

కొనేవాని ఔదార్యానికి హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉదాహరణ చరిత్రలో నిలిచిపోయింది. ఆయన సేవకుడు 300 దిర్హములకు ఒక గుర్రాన్ని బేరమాడాడు. ధర చెల్లించబోతూ జరీర్ (రజి) గుర్రాన్ని చూసి, ఇది అంతకన్నా ఎక్కువ విలువైనదని అమ్మేవానికి తానే చెప్పారు. అలా వంద చొప్పున పెంచుతూ 800 దిర్హములు ఇచ్చి కొన్నారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని ప్రవక్త (సఅసం)కు మాట ఇచ్చానని కారణం వివరించారు. అంత ఎత్తుకు మనం చేరలేకపోవచ్చు. కనీసం అమ్మేవాడికి లేని ధర చెప్పి దించకుండా ఉండగలం కదా!

చిరునామా కూడా సాక్ష్యమే

ఇక అసలు విషయానికి వద్దాం. మన ప్రాంతం నుంచి తుని, కాకినాడ మీదుగా వెళ్తే గోదావరి ఒడ్డున యానాం వస్తుంది. ఫ్రెంచివారి పాలన నుంచి 1954లో భారతదేశంలో కలిసిన ఆ చిన్న పట్టణం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో వేరే ప్రభుత్వం, వేరే పన్నులు. అక్కడ రిజిస్టరైన వాహనాల నంబర్లు పీవై 04తో మొదలవుతాయి.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చినప్పటి నుంచి కారు ధర మీద వేసే పన్ను దేశమంతటా ఒక్కటే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద దాన్ని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించినప్పుడు కూడా అన్ని ఊళ్ళలో ఒకేలా తగ్గింది. కాబట్టి రాష్ట్రానికీ రాష్ట్రానికీ పెద్ద తేడా వచ్చేది రిజిస్ట్రేషన్ సమయంలో చెల్లించే వాహన పన్నులోనే. పుదుచ్చేరిలో అది చాలా తక్కువ. అందుకే, యానాంలో ఒక అద్దె ఒప్పందం కాగితం పుట్టిస్తే చాలు, లక్ష రూపాయలు మిగులుతాయి అనే సలహా మన చెవిన పడుతుంది. ఇది మన ఒక్క ప్రాంతపు జబ్బు కాదు. ఖరీదైన కార్లను తప్పుడు చిరునామాలతో పుదుచ్చేరిలో రిజిస్టరు చేయించారన్న ఆరోపణలపై 2017లో కేరళలో సినీ ప్రముఖుల మీద కూడా కేసులు నమోదయ్యాయి.

చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టం 1988లోని 40వ సెక్షను ప్రకారం, యజమాని నివాసం లేదా వ్యాపార స్థలం ఎక్కడ ఉండి వాహనాన్ని మామూలుగా ఎక్కడ ఉంచుతారో ఆ రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ చేయించాలి. 47వ సెక్షను ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో కొని సొంత ఊరికి తెచ్చుకునేవారి కోసం తాత్కాలిక రిజిస్ట్రేషన్ సదుపాయాన్ని 43వ సెక్షను కల్పించింది.

అంటే యానాంలో కారు కొనడం తప్పు కాదు. హైదరాబాదులో కొనడం తప్పు కాదు. నిజంగా యానాంలో కాపురముండేవారు అక్కడ రిజిస్టరు చేయించుకోవడమూ తప్పు కాదు. నర్సీపట్నంలో ఉంటూ యానాంలో ఉంటున్నానని రాసివ్వడమే తప్పు. ఒక మనిషి తానెక్కడ ఉంటున్నదీ రాసి కింద సంతకం పెట్టడం కేవలం కాగితం పని కాదు. తన గురించి తానే ఇచ్చే సాక్ష్యం అది.

పెద్ద పాపాలను వివరిస్తూ దైవప్రవక్త (సఅసం) అల్లాహ్‌కు సాటి కల్పించడం, తల్లిదండ్రుల పట్ల అవిధేయత అని చెప్పేంతవరకు ఆనుకుని కూర్చున్నారు. అబద్ధపు మాట, అబద్ధపు సాక్ష్యం దగ్గరికి వచ్చేసరికి నిటారుగా లేచి కూర్చున్నారు. దాన్ని పదే పదే పలుకుతూనే ఉన్నారు. ఆయన ఇక ఆపితే బాగుండునని సహచరులు మనసులో అనుకున్నారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. ఆ సభలో కూర్చుని ఆ మాట విన్నవాడెవరైనా, మరునాడు లేని చిరునామా కింద నిబ్బరంగా సంతకం పెట్టగలడా?

నాలుగు సమాధానాలు, వాటి బలమెంత?

ఈ మాట చెప్పినప్పుడు మన సోదరులు సాధారణంగా నాలుగు సమాధానాలు ఇస్తారు. వాటిని తేలికగా కొట్టిపారేయకుండా ఒక్కొక్కటే పరిశీలిద్దాం.

మొదటిది: పన్నులు మితిమీరిపోయాయి, అన్యాయమైన పన్ను ఎగ్గొడితే పాపమేమిటి? ఈ వాదనకు కొంత బలం ఉంది. ప్రజలను పీడించి వసూలు చేసే సుంకాలను మన ధర్మవేత్తలు మక్స్ అని పిలిచి తీవ్రంగా ఖండించారు. అయితే ఖజానాలో ధనం లేనప్పుడు ప్రజల ఉమ్మడి అవసరాల కోసం పాలకుడు అదనపు పన్ను విధించవచ్చని ఇమామ్ గజాలీ, ఇమామ్ షాతిబీ (రహ్మలై) వంటి మహనీయులు అంగీకరించారు. ప్రజల ఉమ్మడి అవసరాలలో రోడ్డు కూడా ఒకటి. మన్యం ఘాట్ రోడ్డు మీద మన కారు తిరుగుతుంది. ఆ రోడ్డు వేసే ప్రభుత్వానికి మాత్రం, నేను ఇక్కడివాణ్ణి కాను అని చెబుతాం! పోనీ, ఈ పన్ను అన్యాయమైనదనే అనుకుందాం. అప్పుడు విజ్ఞాపన ఇవ్వవచ్చు, కోర్టుకు వెళ్ళవచ్చు, ఓటుతో చెప్పవచ్చు, చిన్న కారు కొనవచ్చు. ఎదుటివాని అన్యాయం మన అబద్ధానికి అనుమతిపత్రం కాదు. ప్రాణం కాపాడుకోవడం లాంటి గత్యంతరం లేని స్థితులలోనే మాటకు సడలింపు ఉందని ధర్మవేత్తలు చెప్పారు. కారు ధర తగ్గించుకోవడం ఆ కోవలోకి రాదు.

రెండవది: అందరూ చేస్తున్నారు. మదీనా బయట బిడారులకు ఎదురేగడం కూడా అందరూ చేస్తున్న పనే. అందరూ చేస్తున్నందువల్లే దాన్ని నిషేధించవలసి వచ్చింది.

మూడవది: నేను ఏమీ రాయలేదు, ఏజెంటు చూపినచోట సంతకం పెట్టాను అంతే. నికాహ్‌నామా మీద పెట్టిన సంతకం మనల్ని బంధిస్తుందని ఒప్పుకుంటాం. ఇంటి దస్తావేజు మీద పెట్టిన సంతకం మన హక్కును నిరూపిస్తుందని ఒప్పుకుంటాం. లాభం తెచ్చే సంతకం మనదై, జవాబు అడిగే సంతకం ఏజెంటుది ఎలా అవుతుంది? మాట ఇస్తే దాని గురించి ప్రశ్నించబడతామని 17వ సూరా 34వ ఆయత్ హెచ్చరిస్తోంది.

నాలుగవది: దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. ఈ సమాధానమే అన్నిటికన్నా బలహీనమైనది. తనిఖీలో పట్టుబడితే పన్ను, జరిమానా రెండూ కట్టాలి. ప్రమాదం జరిగిన రోజున తప్పుడు చిరునామా బీమా పరిహారానికి చిక్కు తెచ్చిపెడితే ఆ నష్టం భార్యాబిడ్డలది. ఇక వెనక సీట్లో కూర్చున్న పిల్లవాడి సంగతి! మనం యానాంలో ఉండం కదా అబ్బా, మరి అలా ఎందుకు రాశారు అని అడిగితే తండ్రి ఏం చెబుతాడు? మక్తబ్‌లో ఉస్తాదు ఏళ్ళ తరబడి నేర్పిన పాఠాన్ని ఆ ఒక్క జవాబు తుడిచేస్తుంది. మిగిలిన లక్ష రూపాయలు ఆ పాఠాన్ని తిరిగి కొనివ్వలేవు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. తప్పుడు చిరునామా రాసినంత మాత్రాన అమ్మకందారుతో జరిగిన కొనుగోలు ఒప్పందం చెల్లకుండా పోదు. కారు మన ఆస్తే అవుతుంది. పాపం ఆ అబద్ధపు సాక్ష్యంలో, దానిద్వారా ఎగవేసిన చెల్లింపులో ఉంది. కనుక ఇప్పటికే ఇలా చేసినవారు నిరాశ చెందనవసరం లేదు. తౌబా ద్వారం తెరిచే ఉంది. అయితే తౌబా అంటే కన్నీరు కార్చి అదే నంబరు ప్లేటుతో తిరగడం కాదు. తప్పును ఆపి, సరిదిద్దగలిగినదాన్ని సరిదిద్దాలి. పాత రిజిస్ట్రేషన్ అధికారి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకుని, ఇక్కడ పన్ను చెల్లించి, సొంత చిరునామాతో కొత్త నంబరు తీసుకునే దారిని చట్టమే చూపింది.

సంతకం పెట్టే ముందు

దూరం వెళ్ళి కొనేవారు కొన్ని జాగ్రత్తలు పాటిస్తే ధర్మమూ నిలుస్తుంది, ధనమూ నిలుస్తుంది.

దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్, అంటే 2వ సూరా 282వ ఆయత్, ఇచ్చిపుచ్చుకోవడాలను రాసుకోవడం గురించినదే. కాబట్టి ఫోన్లో చెప్పిన ధరను కాగితం మీద రాయించుకున్న తర్వాతే బయలుదేరండి. కారు ధర ఎంత, బీమా ఎంత, పన్ను ఎంత, రిజిస్ట్రేషన్ ఎక్కడ జరుగుతుంది అన్నవి విడివిడిగా ఉండాలి. బయానాగా ఇచ్చిన సొమ్ము బేరం కుదరకపోతే తిరిగి వస్తుందా, రాదా అన్నది ముందే అడగండి. బయానాను అమ్మేవాడు ఉంచేసుకోవడం హంబలీ ధర్మవేత్తల దృష్టిలో సమ్మతమే, హనఫీలు సహా అత్యధికులు దాన్ని ఒప్పుకోలేదు. ముందే తేల్చుకుంటే తగాదాయే ఉండదు.

అన్నీ ఖాళీగా ఉన్న కాగితాల మీద సంతకం పెట్టకండి. తొందరలో పెట్టే ఆ సంతకాల మధ్యే వడ్డీ రుణపు కాగితం కూడా కలిసిపోతుంది. వడ్డీని అల్లాహ్ నిషేధించాడని 2వ సూరా 275వ ఆయత్ చెబుతోంది. ధర మొత్తం చేతిలో లేకపోతే మరో రెండేళ్ళు ఆగడంలో, లేదా స్తోమతకు తగిన పాత కారు కొనడంలో అవమానమేమీ లేదు. అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21, వాహనం రోడ్డుకు అర్హమైనదని తయారీదారు ఇచ్చే ఫారం 22, బీమా, తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేతికి వచ్చాకే తాళం చెవి తీసుకోండి.

కారు అప్పగించేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం, దిష్టి తీయడం వంటివి చేయబోతే, మా పద్ధతి వేరని మర్యాదగా చెప్పండి. వాళ్ళు ఆదరంతోనే చేస్తారు గనుక నొప్పించేలా మాట్లాడవద్దు. ఒంటెను కొన్నవాడు దాని మూపురం మీద చేయి ఉంచి, దానిలోని మేలును ప్రసాదించమని, దాని కీడు నుంచి కాపాడమని అల్లాహ్‌ను వేడుకోవాలని ప్రవక్త (సఅసం) నేర్పారు. మనకు ఆ దుఆ చాలు.

ప్రియ సోదర సోదరీమణులారా! వాహనం ఎక్కినప్పుడు చదివే దుఆ 43వ సూరాలో ఉంది. దీన్ని మాకు వశపరచినవాడు పరిశుద్ధుడని, మేము మా ప్రభువు వైపుకే మరలిపోవలసినవారమని అందులో ఒప్పుకుంటాం. అంటే ప్రతిసారీ తాళం తిప్పుతూ మన అసలు చిరునామా ఏదో చెబుతున్నాం. దూర ప్రయాణంలో దుమ్ము కొట్టుకుపోయి, చెదిరిన జుట్టుతో ఆకాశం వైపు చేతులెత్తి ప్రభువును పిలిచే ఒక మనిషి గురించి ప్రవక్త (సఅసం) ప్రస్తావించారు. అతని అన్నం, పానీయం, వస్త్రం అధర్మమైనవి అయినప్పుడు అతని మొర ఎలా ఆలకించబడుతుందని ఆవేదన వ్యక్తం చేశారు. ప్రయాణికుని దుఆ ఎంతో విలువైనది. లక్ష రూపాయల కోసం దాన్ని పోగొట్టుకోవడం నష్టపు బేరమే.

ఎరిగినవారు లేని ఊరంటూ విశ్వాసికి ఉండదు. మనమెక్కడ ఉన్నా ఆయన మనతోనే ఉన్నాడని 57వ సూరా 4వ ఆయత్ తెలుపుతోంది. షోరూములో మన పేరు తెలియకపోవచ్చు, మన వీధి తెలియకపోవచ్చు, మన తండ్రితాతల మంచితనం తెలియకపోవచ్చు. మనం చెప్పిన మాట నిజమో కాదో ఎరిగినవాడు మాత్రం అక్కడా ఉన్నాడు.

అల్లాహ్ మన సంపాదనలో, మన కొనుగోళ్ళలో, మన ప్రయాణాలలో శుభాన్ని నింపుగాక! ఒంటరిగా ఉన్నా, నలుగురిలో ఉన్నా సత్యమే పలికే భాగ్యాన్ని మనకు, మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.